వదిన పాట, విల్లీ మిక్సింగ్

ఇంట్లో పాట రికార్డు చెయ్యాలంటే ముందు ఇంటి నోరు మూయించాలి. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో అది అయ్యే పనేనా? ఫ్యాను ఆపితే పక్కింటి మిక్సీ మొదలవుతుంది. మిక్సీ ఆగితే యార్డులో బోగీల షంటింగు. అదీ ఆగిందిలే అనుకునేసరికి వర్క్‌షాపు సైరను. అయినా విల్‌ఫ్రెడ్ ఊరుకునే రకం కాదు. వెనక గది కిటికీకి రెండు రజాయిలు మేకులు కొట్టి వేలాడదీశాడు. తలుపు కింద సందులో గోనెసంచి కుక్కాడు. బీరువా తలుపులు బార్లా తెరిచి, లోపలి చీరలకు ఎదురుగా మైకు నిలబెట్టాడు. చీరలు ప్రతిధ్వనిని తాగేస్తాయని ఎక్కడో చదివాడు.

"బట్టలకొట్లో పాట పాడినట్టుందిరా" అని నవ్వింది ఎమిలీ.

ఎమిలీ అతని వదిన. అన్న సుందర్ రాజు భార్య. తల్లి పోయేనాటికి విల్‌ఫ్రెడ్‌కి పాలపళ్ళు కూడా పూర్తిగా ఊడలేదు. పెళ్ళై కొత్తగా వచ్చిన ఎమిలీ, చేతుల గోరింటాకు పోకముందే ఆ పిల్లాడికి స్నానం చేయించి బడికి పంపడం మొదలుపెట్టింది. విల్లీ అని ముద్దుపేరు పెట్టిందీ ఆవిడే. ఇప్పుడు విల్లీ రైల్వేలో సిగ్నల్ టెక్నీషియను, జెనీ అనే బంగారంలాంటి అమ్మాయికి మొగుడు. అయినా వదినకి మాత్రం ఇంకా జలుబు చేస్తే ముక్కు తుడవాల్సిన పిల్లాడే. అందరూ ఒకే క్వార్టర్లో ఉంటారు.

డ్యూటీ దిగి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడంటే విల్లీ ఇక ఈ లోకంలో ఉండడు. పాటలు మిక్సింగ్ చెయ్యడం అతని పిచ్చి. గొంతు, కీబోర్డు, తబలా విడివిడిగా రికార్డు చేసుకుని, ఏది ఎంత వినబడాలో చూసి, ఎక్కువైనది కోసి, తక్కువైనది పెంచి, అన్నిటినీ ఒక పాటగా అతకడం. పులుసులో ఉప్పూ పులుపూ సరిచూడడం లాంటిదే. సొంతానికి ఒక యూట్యూబ్ చానెల్ కూడా ఉంది. చూసేవాళ్ళలో సగంమంది చుట్టాలు, మిగతా సగం దారి తప్పి వచ్చినవాళ్ళు.

ఈసారి పాట వదినది. రాసిందీ ఆవిడే, పాడేదీ ఆవిడే.

ఎమిలీ అంటే తెలుగు చర్చిలో ఆడవాళ్ళ వరసకి పెద్ద గొంతు. ఆవిడ ఎత్తుకుంటేనే పాట, లేకపోతే గొణుగుడు. అలాంటి మనిషికి కిందటేడు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. గొంతు నరానికి దెబ్బ తగిలింది, మాట వస్తే రావచ్చు, పాట సంగతి చెప్పలేం అన్నాడు డాక్టరు. నెలల తరబడి ఆవిడ గుసగుసలతోనే కాపురం చేసింది. గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి బుడగలూదమని ఆసుపత్రిలో నేర్పారు. గొంతు నరం బలపడడానికి అదొక కసరత్తు. పొద్దుటా సాయంత్రం వంటింటి అరుగు మీద కూర్చుని ఊదేది. మాట తిరిగి వస్తే పాట రాసి పాడి, కృతజ్ఞతా కూడిక పెడతానని దేవుడికి మాటిచ్చింది. మేలు పొందిన ఇంటివాళ్ళు సంఘాన్నంతా పిలిచి, నలుగురి ముందూ సాక్ష్యం చెప్పి, ప్రార్థన చేయించి భోజనం పెడతారు. వీళ్ళల్లో అది ఆనవాయితీ.

మాట వచ్చింది. బొంగురుగానైనా వచ్చింది. అందుకే ఈ రజాయిలూ చీరలూ.

ఎమిలీ చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఆపరేషన్ మచ్చ మీదకి కొంగు లాక్కుని, కళ్ళు మూసుకుని పాడింది. "మూగనైన నా నోట మాటవై వచ్చితివి" అనే పల్లవి వరకూ ఫరవాలేదు. తడిబట్ట ఈడ్చినట్టున్నా నిలబడింది. చరణంలో "కొండకొమ్మున నిలిచి నిన్నే పిలిచెదను" అని పైకెక్కే వరస ఒకటుంది. అక్కడికొచ్చేసరికి గొంతు రెండుగా చీలిపోయింది. మళ్ళీ పాడింది. మళ్ళీ చీలింది. ఇంకోసారి పాడితే అసలు గాలి తప్ప ఏమీ రాలేదు.

హెడ్‌ఫోన్ తీసి, భయంగా అడిగింది. "ఎలగొచ్చిందిరా?"

విల్లీ స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండానే అన్నాడు. "బాగానే వచ్చింది వదినా. కాస్త సరిసేస్తే సరిపోద్ది."

అక్కడ నిజం చెప్పేసి ఉంటే ఈ కథే లేదు. వరసని కాస్త కిందకి దించుకుని పాడుదాం అంటే ఎమిలీ ఏమైనా కాదనేదా? ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ శ్రుతి దించితే పాట చప్పబడుతుంది, ఎత్తు లేని పాటని ఎవడు వింటాడు? విల్లీ ఆలోచన అలా నడిచింది.

ఎవడో వినాలన్న బెంగ అతనికి ఊరికే రాలేదు. ఇళ్ళల్లో పాటలు రికార్డు చేసుకునేవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుంది. ఖరగ్‌పూర్ వాళ్ళు కొందరు, హిజ్లీ ఐఐటీ క్యాంపస్ కుర్రాళ్ళు కొందరు, ఎక్కడెక్కడివాళ్ళో మరికొందరు. పోయిన క్రిస్‌మస్‌కి విల్లీ తన పాట ఒకటి అందులో పెడితే, "దాదా, ఇది బాత్రూంలో తీశారా, బావిలో తీశారా" అని అడిగాడొకడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు విల్లీ చెవుల్లోంచి పోలేదు. ఈ పాటతో వాళ్ళ నోళ్ళు మూయించాలని కంకణం కట్టుకున్నాడు.

నైట్ డ్యూటీలు పడిన వారమంతా పగళ్ళు నిద్ర మానేసి వదిన గొంతు మీద పడ్డాడు. అడుగున గుయ్‌మనే మోత కోశాడు. ఊపిరి చప్పుళ్ళు ఒక్కొక్కటీ ఏరేశాడు, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ వేస్తే, చీలిన చోట వదిన గొంతు రైల్వే అనౌన్స్‌మెంటులాగా పలికింది. రివర్బ్ అనే దొంగ ప్రతిధ్వని పోసి ముంచినా చీలిక పైకి తేలుతూనే ఉంది. లేని గొంతుని ఏ మెషీను తెస్తుంది? ఆఖరికి జెనీని పిలిచాడు.

జెనీ కూడా చర్చిలో పాడుతుంది. తోడికోడళ్ళిద్దరూ పక్కపక్కనే నిలబడి పాడీ పాడీ, జెనీకి తెలియకుండానే ఎమిలీ పలికే తీరు అబ్బింది.

"అక్క పాటకి నేనెందుకండీ?" అంది జెనీ.

"ఊరికే కిందన తోడుకి. పెద్ద పెద్ద సినిమాలవాళ్ళే అలగ సేస్తారు."

"అక్కకి సెప్పినారా?"

"సెప్తాను. నువ్వు పాడు ముందు."

జెనీ పాడింది. కొండకొమ్ము అవలీలగా ఎక్కి దిగింది. విల్లీ ఆ గొంతుని వదిన గొంతు కింద సన్నగా పరిచాడు. బాగుంది. ఇంకొంచెం పెంచాడు. ఇంకా బాగుంది. పాలవాడు మొదట పాలల్లో నీళ్ళు కలుపుతాడు, ధైర్యం వచ్చాక నీళ్ళలో పాలు కలుపుతాడు. విల్లీ కూడా అంతే. వారం తిరిగేసరికి పల్లవిలో ఎమిలీ సగం, జెనీ సగం. పైకెక్కే వరసలో మాత్రం ఎమిలీ పేరుకే ఉంది, పాడేదంతా జెనీయే.

అక్కడితో ఆగినా బాగుండేది. పాట ఎంత మెరుగుపడిందో లోకానికి తెలియొద్దూ? ఆ పై వరసని 'ముందు' అని వదిన చీలిన గొంతుతోనూ, 'తరువాత' అని తన మిక్సింగ్‌తోనూ, రెండు ముక్కలుగా గ్రూపులో పెట్టాడు. రెండో ముక్కలో ఇంకొకరి గొంతుందన్న సంగతి మాత్రం మింగేశాడు. "పోయిన గొంతుని లేపాను, వినండి" అని కింద రాశాడు. చప్పట్ల బొమ్మలు కుప్పలు తెప్పలుగా పడ్డాయి. బావి ఎగతాళి చేసినవాడే "ఉస్తాద్" అన్నాడు. ఇంకొకడు, "దాదా, మొదటిది మనిషి గొంతా, పాత గేటు తలుపా?" అని అడిగాడు.

దానికి విల్లీ ఏం జవాబిచ్చాడంటారా? పళ్ళికిలించే బొమ్మ పెట్టాడు. కన్నతల్లి తరవాత తల్లిలాంటి మనిషి గొంతుని గేటు తలుపు అంటే పళ్ళికిలించాడు. అప్పుడు సిగ్గనిపించలేదు. నలుగురి మెప్పులో సిగ్గెక్కడ గుర్తుంటుంది?

పాట పూర్తయిన రోజు ఎమిలీని కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్ పెట్టాడు. ఆవిడ రెండు చేతులతో దాన్ని అదిమి పట్టుకుని వింది. పై వరస వచ్చినప్పుడు ఒళ్ళు కదలడం మానేసింది. పాట అయిపోయాక కూడా హెడ్‌ఫోన్ తియ్యలేదు. కళ్ళ నీళ్ళు గడ్డం దాకా జారి, మచ్చ మీద పడుతున్నాయి.

"ఇది నేనేనా?" అంది.

గుమ్మంలో జెనీ నిలబడి విల్లీ మొహంలోకే చూస్తోంది.

"నువ్వే వదినా" అన్నాడు విల్లీ.

"నేను పాడినప్పుడు ఇలగ వినబడనేదురా నాకు."

"లోపల్నుంచి వింటే అలగే ఉంటాది. మైకుకి నిజం తెలుస్తాది."

ఎంత చక్కగా చెప్పాడో చూడండి. అబద్ధం చెప్పేవాడికి మాటలు వెతుక్కునే పనుండదు, అవే వరసకట్టి వస్తాయి. ఎమిలీ లేచి అతని నెత్తి మీద చెయ్యి పెట్టి, పైకే ప్రార్థన చేసింది. జెనీ వంటింట్లోకి వెళ్ళిపోయి, ఆ రాత్రి మొగుడికి అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

మర్నాటినుంచి ఎమిలీ బుడగలూదడం మానేసింది. "వచ్చేసిన గొంతుకి ఇంకా ఈ పిల్లాటలేటి" అంటూ స్ట్రాల కట్ట తీసి చెత్తబుట్టలో పడేసింది. విల్లీ చూశాడు. ఏదో ఒకటి అనాలనుకున్నాడు. అనకుండానే డ్యూటీకి పోయాడు. సుందర్ రాజైతే వర్క్‌షాపులో తన సెక్షనంతా తిరిగి, మా ఆవిడకి గొంతొచ్చేసిందని స్వీట్లు పంచాడు.

కృతజ్ఞతా కూడిక ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. క్వార్టర్ ముందు షామియానా వేశారు. వెనక పెద్ద డేగిశాల్లో పలావు, కోడికూర ఉడుకుతున్నాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు "వందనాలు, వందనాలు" అనుకుంటూ ప్లాస్టిక్ కుర్చీల్లో సర్దుకున్నారు. ముందు వరసలో కృపమ్మని కూర్చోబెట్టారు. సంఘంలో అందరికంటే పెద్దది. కళ్ళు దాదాపు కనబడవు గానీ పాముచెవులు. విల్లీ ఒక పక్కగా బల్ల వేసుకుని, లాప్‌టాప్, మైకుల మిక్సరు పెట్టుకుని కూర్చున్నాడు. పాట మొత్తం, ఒక్కో గొంతుకీ వాద్యానికీ ఉన్న విడి ట్రాకులతో సహా, లాప్‌టాప్‌లో అలాగే తెరిచి ఉంది.

ముందు ఎమిలీ సాక్ష్యం చెప్పింది. ఆపరేషన్ రోజు భయం, నోట మాట లేని నెలలు, దేవుడికిచ్చిన మాట. "నా గొంతు నాకు తిరిగిచ్చినాడు. ముందుకన్నా బాగా ఇచ్చినాడు. మీరే ఇనండి" అని మరిది వైపు చూసి తల ఊపింది. విల్లీ పాట వేశాడు.

పై వరస దగ్గర షామియానా కింద ఒక్కసారిగా "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళద్దుకున్నారు. కృపమ్మ చెవి అటు పెట్టి, "ఎమిలీ గొంతు మళ్ళీ కుర్రదైపోనాదే" అని మురిసిపోయింది. సుందర్ రాజు ఛాతీ చొక్కాలో పట్టడం లేదు. విల్లీకి కూడా గర్వంగానే ఉంది. ఇది దాచిపెట్టడం దేనికి, ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి.

పాట అయ్యాక జాకబ్ పాస్టరుగారు లేచారు. మంచి మనిషి, ఆనందం పట్టలేని మనిషి. "ఇది మెషీనులో విన్నాం. ఈ అద్భుతాన్ని కళ్ళారా చూడొద్దా? ఎమిలీ అమ్మా, ఆ చరణం ఒక్కటి మా ముందు పాడండి. విల్‌ఫ్రెడ్, మ్యూజిక్ ఒక్కటే వెయ్యి బాబూ" అన్నారు.

విల్లీ వద్దు అనడానికి కారణం వెతుక్కున్నాడు. కరెంటు పోయిందని చెబుదామంటే పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎమిలీ మాత్రం సంకోచించలేదు. ఎందుకు సంకోచిస్తుంది, తనకి గొంతు వచ్చేసిందని నమ్మిన మనిషి? మైకు అందుకుని, నవ్వుతూ, మరిదికి కానీ అన్నట్టు కనుసైగ చేసింది.

అతను రెండు గొంతుల ట్రాకులూ ఆపి, సంగీతం ఒక్కటే వేశాడు. చరణం మొదలైంది. బొంగురుగా ఉన్నా ఏడుపు జీర అనుకుని అందరూ తలలూపుతున్నారు. వరస పైకి ఎక్కుతోంది.  "కొండకొమ్మున" అన్నదాకా వచ్చి గొంతు ఫెళ్ళున చీలింది. ఎమిలీ ఆగి, మింగి, మళ్ళీ నోరు తెరిచింది. గాలి వచ్చింది. ఇంకేమీ రాలేదు. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. నోరు మూసుకుని, మైకు కిందకి దించేసింది.

అప్పుడు విల్లీ చేసిన పనికి ఏ పేరు పెట్టినా తక్కువే. గాభరాలో ఆదుకోబోయాడు. చెయ్యి దానంతటదే వెళ్ళి జెనీ ట్రాకుని తెరిచేసింది.

"కొండకొమ్మున నిలిచి నిన్నే పిలిచెదను" అంటూ స్పీకర్లు రెండూ గొంతెత్తి పాడాయి. ముందర ఎమిలీ నోరు మూసుకుని నిలబడి ఉంది. ఆవిడ మైకు మోకాళ్ళ దగ్గర వేలాడుతోంది. పాట మాత్రం నడుస్తోంది. ఈసారి వదిన గొంతు కలపకుండా, అచ్చంగా జెనీ ఒక్కతే. షామియానా చివర ఉల్లిపాయ పెరుగు గిన్నె పట్టుకుని నిలబడ్డ జెనీ, తన గొంతు తనే విని కొయ్యబారిపోయింది.

కంటికి కనబడని కృపమ్మకి ముందర ఏం జరుగుతోందో తెలియదు. పక్కనున్నామెని పైకే అడిగేసింది. "మద్దెలో జెనీ ఎప్పుడెత్తుకుంది?"

 ఒకరి తరవాత ఒకరు ఎమిలీ వైపు, జెనీ వైపు, మళ్ళీ ఎమిలీ వైపు చూశారు. విల్లీ పాట ఆపేసరికి ఆ వరస పూర్తిగా అయిపోయింది. కుర్చీలో సుందర్ రాజు తల మెల్లగా కిందకి వాలింది.

లేచి నిలబడి "ఇది నా పని" అనడానికి ఎంతసేపు పడుతుంది? మూడు ముక్కలు. విల్లీ లేవలేదు. తేలు కుట్టిన దొంగలాగా మిక్సరు మీది మీటలు చూస్తూ కూర్చున్నాడు.  ఈలోగా మైకులోంచి ఆ బొంగురు గొంతే వినబడింది.

"అయ్యగారూ, నన్ను సెమించండి. నా గొంతు రానేదు. నేనే మా మరిదిని బతిమాలి అలగ పెట్టించినాను. ఆడి తప్పేటీ నేదు."

విల్లీ తలెత్తాడు. ఎమిలీ అతని వైపు చూడలేదు. మైకు స్టాండుకి జాగ్రత్తగా తగిలించి, కొంగు మెడ మీదకి లాక్కుని, లోపలికి వెళ్ళిపోయింది. పాస్టరుగారు గబగబా ప్రార్థన ముగించారు. పలావు అందరూ తిన్నారు. తినకపోతే బాగుండదని తిన్నారు. ఇంకొంచెం వెయ్యమని మాత్రం ఎవరూ అడగలేదు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళాక విల్లీ పెరట్లోకి వెళ్ళాడు. ఎమిలీ డేగిశా బోర్లించి, అడుగంటిన మాడు గీకుతోంది.

"ఎందుకలగ సెప్పినావు వదినా?" అన్నాడు.

"మరేటి సెప్పమంటావు?" చెయ్యి ఆపకుండానే అంది. "నలుగురిలో నీ పేరు పోతే రేపు నీకు పాటెవులిస్తారు? నా గొంతెలాగూ పోయిందే గదా. వదిన సిన్నబుచ్చుకుంటాదని సేసినావు. నాకా మాత్రం తెల్దేటి?"

 వదిన కోసమా? వదిన చిన్నబుచ్చుకోవడం సంగతి ఆ వారమంతా విల్లీకి ఒక్కసారైనా తట్టిందా? తట్టింది చప్పట్ల బొమ్మలు. తట్టింది బావి ఎగతాళి. ఈవిడ ఊరందరి ముందూ ఏ ప్రేమని కాపాడబోయి తప్పు తన మీద వేసుకుందో, ఆ ప్రేమ అసలు లేనే లేదు. ఆ సంగతి చెబితే ఆవిడకి ఇంకేం మిగులుతుంది? చెప్పకపోతే తనకేం మిగులుతుంది?  ఆఖరికి పంపు కింద బకెట్ పెట్టి, నీళ్ళు నింపి ఆవిడ పక్కన పెట్టాడు.

జెనీ ఆ సాయంత్రం అతని ఫోన్ తీసుకుని గ్రూపంతా చదివింది. గేటు తలుపు మాటా చదివింది, పళ్ళికిలింపూ చూసింది. ఫోన్ మంచం మీద పెట్టి, "మీరు సెప్తారా, నేను సెప్పాలా?" అంది.

"నేనే సెప్తాను. కాస్త ఆగు" అన్నాడు.

"మొన్న కూడా సెప్తాననే అన్నారు" అంది జెనీ.

విల్లీ గ్రూపులోంచి బయటికి వచ్చేశాడు. పాటని చానెల్‌లో పెట్టలేదు. లాప్‌టాప్‌లోంచి కూడా తీసేశాడు. తీసేస్తే ఏమైనా పోతుందా? సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. పాటల జట్టుకి పెద్దగా ఉన్న మనిషి సాక్ష్యంలో అబద్ధం చెప్పింది కనక, జట్టు బాధ్యత ఇంకొకరికి అప్పజెప్పి, కొన్నాళ్ళు ప్రభు బల్లకి దూరంగా ఉండమన్నారు. బల్ల అంటే నెలకోసారి సంఘమంతా కలిసి తీసుకునే రొట్టె, ద్రాక్షరసం. దానికి దూరం పెట్టారంటే పదిమంది మధ్యలో పస్తు ఉంచినట్టే. సుందర్ రాజు పెళ్ళాన్ని తిట్టలేదు. "దొంగపాట పెట్టేకన్నా కూడిక మానేసినా బాగున్ను" అని ఒక్క మాటన్నాడు. విల్లీ అదే గదిలో బూట్లు తొడుక్కుంటున్నాడు. బూటు లేసు ముడి వేస్తూనే ఉండిపోయాడు.

తరవాతి నెల మొదటి ఆదివారం వచ్చింది. ఎమిలీ చర్చి మానలేదు. పాటల జట్టులో తన చోటు ఖాళీగా ఉంటే, వెనక బెంచీలో కృపమ్మ పక్కన కూర్చుంది. పాటలప్పుడు పెదవులు కదిలాయి గానీ గొంతు విప్పలేదు. రొట్టె పళ్ళెం ఆడవాళ్ళ వైపు వరసలు దాటుకుంటూ వచ్చింది. ఎమిలీ పళ్ళెం అందుకుని, అందులోకి చూడకుండా, కృపమ్మ చేతిని తీసి రొట్టె మీద పెట్టి, పక్కకి అందించేసింది. మగవాళ్ళ వైపునుంచి విల్లీ అంతా చూశాడు. తల కొట్టేసినట్టయింది.

పళ్ళెం అతని దగ్గరికీ వచ్చింది. ఇప్పుడు లేవాలి. లేచి చెప్పెయ్యాలి. చర్చి నిండుగా ఉంది, పాస్టరుగారు ఎదురుగా ఉన్నారు, మైకు కూడా అక్కర్లేదు.  లేవలేదు. కానీ ఆ రొట్టె ముట్టుకోవడానికీ చెయ్యి రాలేదు. పళ్ళెం పక్కవాడికి అందించేశాడు. వెనక ఎవరో గుసగుసగా ఏదో అన్నారు. జెనీ ఆడవాళ్ళ వైపునుంచి అతన్నే చూస్తోంది.

ఆరాధన ముగిశాక చర్చి గేటు దగ్గర కృపమ్మ చెయ్యి చాచి, తడుముకుని, విల్లీ మోచెయ్యి పట్టుకుంది. "నువ్వూ బల్ల తీసుకోనేదట గదరా. సెప్పినారు నాకు. వొదిన పస్తుంటే నానెలా తింతానని గదా? మరిదంటే అలగుండాల. ఎమిలీ, నువ్వు పెంచిన పెంపకం ఊరికే పోనేదే." చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. ఒక పెద్దాయన వచ్చి భుజం తట్టాడు. అంతమంది తన వైపు అంత ఆప్యాయంగా చూడడం విల్లీ పుట్టాక ఎరగడు. భూమి చీలి మింగేస్తే బాగుండునని ఊరికే అంటారనుకునేవాడు. ఊరికే అనరు.

ఇంటికి నడిచారు. విల్లీ సైకిల్ నడిపించుకుంటూ, పక్కన ఎమిలీ, నాలుగడుగులు వెనక జెనీ. ఎమిలీ తన బైబిల్ సంచి తెచ్చి సైకిల్ హ్యాండిల్‌కి తగిలించింది. కూడిక అయ్యాక ఆవిడ మొహంలో నవ్వు కనబడడం అదే మొదలు.

"నిజమేనేట్రా?" అంది. "నా కోసమేనేటి తీసుకోనేదు?"

వెనక జెనీ చెప్పుల చప్పుడు ఆగిపోయింది.

విల్లీ నోరు తెరిచాడు. ఇప్పుడైనా చెప్పాలనే తెరిచాడు. వదిన అతని మొహంలోకే చూస్తోంది, జవాబు ఏమిటో ముందే తెలిసిన మనిషిలాగా.

"నీ కోసమే వదినా" అన్నాడు.